కిటికీలో చోటు

“ఊలిగ్ గారూ, ఆ అట్టముక్క జేబులో పెట్టుకుని ఇటు రండి! అందరం కలిసే తిరగాలని చెప్పానా లేదా?”

గైడ్ కోర్డులా పసుపు గొడుగు పైకెత్తి అరిచింది. అన్నాబెర్గ్ క్రిస్మస్ సంతలో ఆ గొడుగు వెనకే నడవాలని బస్సులోనే చెప్పింది. ఊరి నుంచి వచ్చిన ముసలివాళ్ళంతా బుద్ధిగా నడుస్తున్నారు, గోట్‌హోల్డ్ ఊలిగ్ ఒక్కడు తప్ప. అతను కొయ్యబొమ్మల దుకాణం కనిపిస్తే చాలు ఆగిపోతున్నాడు. గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క తీసి, దాని మీద దేవదూత బొమ్మను నిలబెట్టి, తల అడ్డంగా ఊపి, తర్వాతి దుకాణానికి పోతున్నాడు.

“చీకటి పడితే బస్సు మీకోసం ఆగదు,” అంది కోర్డులా.

“నడిచొస్తాలే అమ్మాయ్. బొమ్మ దొరక్కుండా మాత్రం కదలను.”

పక్కింటి రోస్‌విటా వేడి వైన్ కప్పు పట్టుకుని అతని వెంట పడింది. ఒకరి సంగతి తెలుసుకోకపోతే ఆవిడకు వైన్ కూడా రుచించదు.

“ఏవయ్యా, నీకెందుకు దేవదూత? మీ కిటికీలో ఉన్నది గనికార్మికుడు కదా?”

అడగాల్సిన మాటే. మగపిల్లాడికో గనికార్మికుడు, ఆడపిల్లకో దేవదూత. చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకున్న ఆ బొమ్మల్ని బట్టి ఏ ఇంట్లో పిల్లలెందరో వీధిలోంచే చెప్పేయవచ్చు. ఊలిగ్ ఇంటి గనికార్మికుడు కొడుకు హెన్నింగ్ పుట్టిన ఏడు కొన్నది. పండగ వెళ్ళాక పెట్టెలో పెట్టేయాల్సిన ఆ బొమ్మ, హెన్నింగ్ ఇల్లు విడిచిన ఆరేళ్ళుగా ఎండాకాలం కూడా కిటికీలోనే ఉంటోంది. దాని చుట్టూ కిటికీ గట్టు రంగు వెలిసిపోయింది.

“మా అమ్మాయి వస్తోంది,” అన్నాడు గోట్‌హోల్డ్.

రోస్‌విటా కప్పులో వైన్ తొణికింది. “నీకు అమ్మాయేంటి?”

“ఉంది. ఆల్మా. ఇవాళ సాయంత్రం రైలుకి వస్తోంది. ‘వీధిలో నిలబడి కిటికీ చూస్తాను, అందులో నాకు చోటుంటే లోపలికొస్తాను, లేకపోతే అదే రైల్లో వెనక్కి పోతాను’ అని మా ఆవిడ మార్లిస్‌తో చెప్పింది.”

“అమ్మ దొంగా! పెళ్ళికి ముందు రెండేళ్ళు రోస్టాక్ ఓడరేవులో వెలగబెట్టింది ఇదా?” ఆవిడ గొంతు తగ్గించింది. “మార్లిస్‌కి ఎప్పుడు తెలిసింది?”

“నాకంటే ముందే. ఆరేళ్ళుగా ఫోన్లో మాట్లాడుతూనే ఉంది.”

“మహాతల్లి! మరి హెన్నింగ్‌కి?”

“నాకు చెప్పిందే వాడు. ఇంట్లోంచి పొమ్మన్నాను.” గోట్‌హోల్డ్ తర్వాతి దుకాణం వైపు తిరిగాడు. “నేను చేసింది తప్పు రోస్‌విటా. చాలా పెద్ద తప్పు.”

అతను అట్టముక్క తీసుకుని ముందుకు నడిచాడు.

సంత చివర, చర్చి గోడకు ఆనుకుని ఒక పాత దుకాణం ఉంది. నడిపేది లావుపాటి పెద్దావిడ. పై అరలో ఒక్కటే ముదురురంగు దేవదూత. రెక్క మీద బంగారు పూత కాస్త ఊడింది.

“అది అమ్మకానికి కాదు. మా నాన్న చెక్కింది. కింద కొత్తవి బోలెడున్నాయి, చూసుకో.”

“కొత్తవాటి పీఠాలన్నీ చిన్నవి. ఒక్కసారి దీని మీద పెట్టండి,” అని అట్టముక్క బల్ల మీద పరిచాడు.

ఆవిడ విసుక్కుంటూనే పెట్టింది. అంచు ఎక్కడా కనపడకుండా సరిపోయింది.

“ఆడపిల్లలెంతమంది?”

“ఒక్కతే. ముప్పై రెండేళ్ళు.”

“పుట్టినప్పుడు కొనాల్సింది ఇప్పుడా కొనేది?”

“నా బుర్రకెక్కడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇవాళ కిటికీలో ఇది లేకపోతే గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతుంది.”

దూరంగా బస్సు హారన్ మోగింది. అతను కదల్లేదు. పెద్దావిడ రెక్క మీది దుమ్ము నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడిచింది.

“మా నాన్న దీన్ని కిటికీ కోసమే చెక్కాడు, అర కోసం కాదు. తీసుకుపో,” అని కాగితంలో చుట్టింది.

గోట్‌హోల్డ్ నొప్పెడుతున్న మోకాలితోనే పరుగెత్తాడు. కోర్డులా గొడుగును బస్సు తలుపులో అడ్డం పెట్టి నిలబడి ఉంది. తిట్టడానికి నోరు తెరిచింది కానీ, అతని చంకలో పొట్లం చూసి చేయి అందించింది. దారంతా అతను కిటికీ అద్దం వైపు తిరిగి “ఆల్మా, ఆల్మా” అని గొణుక్కుంటూనే ఉన్నాడు. కొత్త పేరు, నోరు తిరగాలి. వెనక సీట్లో రోస్‌విటా ఈ వార్త మొదట ఎవరికి చెప్పాలా అని తేల్చుకోలేక అవస్థ పడింది.

ఇంటికి వచ్చేసరికి మార్లిస్ కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. “రైలొచ్చేసింది. దారిలో ఉండుంటుంది,” అంది. అతను పొట్లం విప్పాడు. దేవదూతను చూడగానే ఆవిడ కళ్ళు నిండాయి.

“ఎక్కడ పెడతావు?” అంది భయంభయంగా.

గోట్‌హోల్డ్ గనికార్మికుణ్ణి రెండు చేతులతో ఎత్తాడు. కింద వెలిసిపోని గుండ్రటి మచ్చ, అట్టముక్కంత. దాని మీద దేవదూతను నిలబెట్టి, రెండు కొవ్వొత్తులూ వెలిగించాడు. గనికార్మికుణ్ణి ఆ కాగితంలోనే పదిలంగా చుట్టాడు. బయట గేటు కిర్రుమంది.

“అయితే హెన్నింగ్‌ది...” అని ఆగిపోయింది మార్లిస్.

“మనకున్నది ఒక్క బిడ్డే కదే. హెన్నింగ్ అని మనం పిలిచిందీ ఆల్మానే,” అన్నాడు గోట్‌హోల్డ్.