బజూకా లోపం

“ఈసారి ఏ తప్పు దొరికింది అంకుల్?” అంది సునంద, గడియారం చూసుకుంటూ.

నాగభూషణంగారు రావడం ఇది నాలుగోసారి. ఎనభైకి దగ్గరపడ్డ మాజీ సైనికుడు. రాజధాని శివారు ద్వారకలో మెట్రో ఎక్కి, ధౌలా కువాన్‌లో దిగి, ఎండలో నడుచుకుంటూ ఈ చిన్న యుద్ధ ప్రదర్శనశాలకు వస్తారు. వచ్చి తిన్నగా బజూకా దగ్గరికే పోతారు. భుజాన పెట్టుకుని ట్యాంకుల మీద పేల్చే ఆ గొట్టాన్ని అందరూ వెనక నుంచి, గురి చూసే వైపు నుంచి చూస్తారు. ఈయన మాత్రం ఎంత చెప్పినా వినకుండా గొట్టం మూతికి ఎదురుగా నిలబడి, ఎడమ చెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని వ్యాఖ్యానం వింటారు. కుడి చెవి ఎప్పుడో పోయిందట.

ఆ వ్యాఖ్యానంలో గొంతు సునందదే, రాతా సునందదే. మిగతా భాషలతోపాటు తెలుగు కూడా పెట్టమని డైరెక్టర్ని ఆర్నెల్లు బతిమాలి సాధించుకుంది. ఈ పెద్దాయన దాన్ని బతకనిచ్చేలా లేరు. మొదటిసారి వచ్చి గుండు కాదు, రాకెట్ అనాలన్నారు. రెండోసారి వచ్చి రాకెట్‌ను అంటించడానికి బ్యాటరీ పాత రకానికి, ఈ రకానికి మాగ్నెటో అన్నారు. మూడోసారి రాకెట్ తలలో రాగి శంకువు ఎటు తిరిగి ఉంటుందో కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు. ఖర్మ ఏమిటంటే, అన్నీ నిజాలే. మూడుసార్లూ మళ్ళీ చదివి రికార్డు చేయించింది. ఇంకొక్క మార్పు అడిగితే తెలుగే తీసేస్తానని డైరెక్టర్ నిన్న తెగేసి చెప్పారు. నాలుగింటికల్లా రికార్డింగ్ ఖాయం చేయాలి. ఇప్పుడు మూడున్నర.

“తప్పు కాదమ్మా, ఒక్క మాట. ‘ఏటవాలుగా తగిలితే రాకెట్ పేలకపోవడం దీని ప్రధాన లోపం’ అన్నావు కదా. ఆ లోపం అన్న మాట తీసెయ్.”

బలహీనత అంటే సరేనా అని అడిగింది. వద్దన్నారు. పోనీ, పరిమితి? అదీ వద్దట. పేలకపోవడం లోపం కాక సుగుణమా అని నోటిదాకా వచ్చింది కానీ మింగేసింది. రెండో ప్రపంచయుద్ధంలో పుట్టిన ఆయుధమని, ఆ తర్వాతి యుద్ధాల్లో అటువాళ్ళూ ఇటువాళ్ళూ వాడారని, పుస్తకాలన్నీ లోపమనే రాశాయని ఓపిగ్గా చెప్పుకొచ్చింది.

“పుస్తకాలకేం తెలుసు? డెబ్బై ఒకటి యుద్ధంలో మేం నలుగురం చూశాం.”

“దీన్ని పేల్చేది ఇద్దరే కదా అంకుల్? ఒకరు రాకెట్ కూరుస్తారు, ఒకరు గురి పెడతారు.”

“మేం నలుగురమమ్మా,” అన్నారాయన మొండిగా.

ఇంతలో డైరెక్టర్ ఫోన్. తెలుగు ఠీక్ హై నా అని ఆరా. దో మినిట్ సర్ అని పెట్టేసింది. ఇక ఆమెకు నిజంగానే ఒళ్ళు మండింది.

“చూడండి అంకుల్, మీ చేత్తో పేల్చిన ఆయుధం కాబట్టి దానిమీద మీకు అభిమానం ఉండొచ్చు. దానికోసం నేను కష్టపడి తెచ్చుకున్న తెలుగు మొత్తం పోగొట్టుకోవాలా?”

నాగభూషణంగారు హెడ్‌ఫోన్ తీసి, జాగ్రత్తగా కొక్కేనికి తగిలించారు. ఇటు తిరిగి, తాను పేల్చినవాణ్ణి కాదన్నారు.

“అది తగిలీ పేలని ట్యాంకులో ఉన్నవాణ్ణమ్మా.”