రెండో గుంట

గ్రాఫు గీతలో రెండు గుంటలు పడ్డాయి. ఒక్కటే పడాలి.

మా పింగాణీ బిళ్ళ తీరే అంత. ఒకే చలిలో రోజుల తరబడి కదలకుండా ఉంచితే, కరెంటుకి దాని స్పందన రోజురోజుకీ మందగిస్తుంది. తర్వాత మెల్లగా వేడెక్కిస్తే, ఏ చలిలో కూర్చుందో సరిగ్గా అక్కడే గీత కుంగుతుంది. ఇది సున్నాకి ముప్పై డిగ్రీల దిగువన ఇరవై రోజులు కూర్చుందని లాగ్‌బుక్కు చెబుతోంది. మరి సున్నాకి పది దిగువన ఇంకో గుంట ఎందుకు?

ఆ ఇరవై రోజుల్లో మొదటి వారం నేను జ్వరంతో పడుకుంటే, ల్యాబు చూసుకుంది నా గైడు మాస్టారే. పొరపాటున పది దగ్గర పెట్టి, తర్వాత నాలిక కరుచుకుని ముప్పైకి దించి ఉంటారు. పుస్తకంలో మాత్రం తన ముత్యాల్లాంటి రాతతో ఏడు రోజులూ ముప్పై అనే రాశారు. నా రెండేళ్ళ చాకిరీ మంటగలిసింది.

డైరెక్టరుకి ఫిర్యాదు రాసి సంచిలో పెట్టుకుని, లాగ్‌బుక్కుతో మాస్టారి గదికి వెళ్ళాను.

"బిళ్ళ అబద్ధం చెప్పదని నేర్పింది మీరే కదా మాస్టారూ. ఈ మొదటి వారం అంకెలు ఒకసారి చూడండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో వరస మీదా వేలు పెట్టి నిదానంగా చదివారు. ఏ సాకు చెబుతారోనని చూస్తూ నిలబడ్డాను.

"రాత ముచ్చటగా ఉంది," అన్నారు. తర్వాత తలెత్తి, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. "ఎవరిదమ్మా ఇది?"