లోపల ఉన్న పేరు

"అంగడి ప్రోగ్రాము బెంగళూరు సర్వరుకు కలిసిందన్నా. అయితే లోపల ఇంకొకరు పనిచేస్తాండారు," అనింది మహేశ్వరి, కదిరి విత్తనాల అంగడికి కంప్యూటరు పని మీద వచ్చిన పిల్ల.

"ఎవరు?"

"మల్లికార్జునయ్య."

అంగడి యజమాని భరత్‌కుమార్ చేతిలో టీ గ్లాసు నిలిచిపోయింది. "మా నాయన. పోయి ఏడాదాయ."

తెరమీద ఆ పేరు పక్కన అక్షరాలు పడతానే ఉండాయి: మారెప్ప, విత్తన శెనక్కాయలు, రెండు మూటలు.

"నల్లమాడలో ఉండే మీ రెండో అంగడి నుంచన్నా," మహేశ్వరి గొంతు తగ్గింది.

నల్లమాడ అంగట్లో అమ్మ ఒక్కతే. దీపం పెట్టి గల్లా దగ్గర కూర్చుంటాదంతే అనుకున్నాడు ఇన్నాళ్లూ. వెంటనే ఫోను చేసినాడు.

"అమ్మా, నాయన పేరుతో కంప్యూటర్లో ఎవరుండారు?"

"నేనేరా," అనింది కన్యకమ్మ. "మీ నాయన నేర్పిపోయినాడు."

"గుండె ఆగినంత పనాయ గదమ్మా. నీ పేరుతో చేసుకోరాదా?"



"నీకూ, తమ్మునికీ, గుమాస్తాకూ కంప్యూటర్లో తలా ఒక పేరు పెట్టించినావు. పోయినాయన పేరు గూడా ఉండాది. నా పేరు యాడుందిరా ఆడ?"

భరత్‌కుమార్ తెరమీది పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూసినాడు.

"ఉండు, మారెప్ప కాచుకోనుండాడు," అని ఫోను పెట్టేసింది.

తెరమీద, మల్లికార్జునయ్య పేరు పక్కన, రెండు మూటలు మూడైనాయి.