మందుకు లొంగనిది

ఉదయం తొమ్మిదీ నలభైకి, పదిహేడో నంబరు రోగివని రాసి ఉన్న రెండు కణితి ముక్కలూ ఒకే మనిషివి కావని యూనివర్సిటీ ల్యాబులో తేలింది.

ఆ ల్యాబులో పని అదే. మందు మొదలుపెట్టక ముందు తీసిన ముక్క, మందు పనిచేయలేదని తేలాక తీసిన ముక్క, రెండింటి జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తారు. పదిహేడో నంబరులో అంతా మారిపోయింది. ఇంతగా మారిన క్యాన్సర్‌ని ఎక్కడా చూడలేదని ప్రొఫెసర్ కిందటి నెల సదస్సులో చెప్పి వచ్చాడు. ఈ ఉదయం పద్దెనిమిదో నంబరు రెండో ముక్క ఫలితం వచ్చింది, అది పదిహేడు మొదటి ముక్కతో సరిగ్గా సరిపోయింది.

పదింటికి ఆయన టెక్నీషియన్‌ని గదిలోకి పిలిచి, తెల్లకాగితం ఒకటి ఆమె ముందుకు తోశాడు.

"ట్యూబులు మార్చింది నేనేనని రాసి సంతకం పెట్టు."

"మార్చలేదు సార్."

"మరి వాటికి కాళ్లొచ్చి నడిచెళ్లాయా? పదిహేడు మొదటి ముక్క పద్దెనిమిదో మనిషిది. పద్దెనిమిది మొదటి ముక్క పదిహేడో మనిషిది. పక్కపక్క ట్యూబులు. ఇంకేం కావాలి నీకు?"

"నా దగ్గరికి రాకముందే మారి ఉండొచ్చు కదా సార్."

"ముక్కలు కోసే ఆసుపత్రి తొమ్మిదేళ్లుగా పంపుతోంది, ఒక్కటీ తప్పలేదు. నువ్వొచ్చి రెండేళ్లు. సదస్సులో తల ఊపినవాళ్లందరికీ ఇప్పుడు ఏం చెప్పను? సాయంత్రంలోపు కాగితం నా బల్ల మీద ఉండాలి. లేదంటే రేపట్నుంచి రావద్దు."

"రాయను సార్. సాయంత్రం దాకా టైమిచ్చారుగా, అది చాలు."

ఆమె రెండు ఫోన్లు చేసింది. మొదటిది ఆసుపత్రికి. కోసిన ముక్కలో కొంత మైనంలో పొదిగి అక్కడే దాచే దిమ్మెలుంటాయి. ఆ ఇద్దరి మొదటి ముక్కల దిమ్మెలూ సీలు వేసి పంపమంది. రెండోది పదిహేడో నంబరుకు, రక్తం ఇచ్చి వెళ్లమని.

పదిహేడో నంబరు దర్జీ పని చేస్తుంది. మెడలో టేపుతోనే వచ్చింది.

"రక్తమిస్తాగానీ తల్లీ, ఎందుకో చెప్పందే కదలను. సగం కుట్టిన చొక్కా మిషను మీదే వదిలేసొచ్చాను."

"సాయంత్రానికి చెప్తానక్కా. కూర్చో."

"కూర్చోక ఎక్కడికి పోతాను. పదకొండు నెలలుగా మింగుతున్నాను. ఆ మాత్ర జుట్టు పట్టుకుపోయింది, గోళ్లు ఊడగొట్టింది. గడ్డ జోలికి మాత్రం పోలేదు. దానికీ దీనికీ చుట్టరికమేమో."

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆసుపత్రి అటెండరు దిమ్మెలు తెచ్చాడు. టెక్నీషియన్ సీళ్లు ప్రొఫెసర్ చేతే విప్పించింది. దిమ్మెల మీద నంబర్లు ఆసుపత్రి మిషను కొట్టినవి. పరీక్షకు మూడు గంటలు పట్టింది.

నాలుగు గంటలకు ఫలితం వచ్చింది. దర్జీ రక్తం పదిహేడు రెండో ముక్కతో సరిపోయింది. పదిహేడు అని కొట్టి ఉన్న దిమ్మెలో ఉన్నది పద్దెనిమిదో మనిషి కణితి. పద్దెనిమిది అని ఉన్న దిమ్మెలో దర్జీది.

ప్రొఫెసర్ ఫలితాల కాగితం రెండుసార్లు చదివాడు. ఉదయం నుంచి బల్ల మీదే ఉన్న తెల్లకాగితాన్ని నలిపి బుట్టలో వేశాడు.

"తప్పు ఆసుపత్రిదే. మన ల్యాబుకు మచ్చ లేదు. వెళ్లి పని చూసుకో."

ఆమె కదల్లేదు.

"ఇంకా ఏంటి? నేను క్షమాపణ చెప్పాలా?"

"నాకొద్దు సార్. బయట కూర్చున్న ఆవిడకి మందు రాసింది ఏ ముక్క చూసి?"

ఆయన లేచి బీరువా తెరిచి రెండు ఫైళ్లు తీశాడు.

వరండాలో దర్జీ గోడ గడియారం చూసి సంచిలోంచి మాత్రల పట్టీ తీసింది. మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"మా డాక్టరు వేరే మందు రాసేదాకా ఇదే మింగమన్నాడు. టైము తప్పితే ఊరుకోడు," అంది అటెండరుతో.

లోపల బల్ల మీద రెండు ఫైళ్లూ తెరిచి ఉన్నాయి. రెండింటి మీదా ఎర్ర సిరాతో ఒకే మాట ఉంది: మందుకు లొంగలేదు. పదకొండు నెలలుగా పదిహేడుకు రాస్తూ వచ్చింది పద్దెనిమిదికి రాయాల్సిన మందు. పద్దెనిమిదికి రాస్తూ వచ్చింది పదిహేడుకు రాయాల్సిన మందు.