మూడు దిమ్మలు

"ఇంకా పగల్లేదేటి మేడమ్‌గారూ?" అన్నాడు దిమ్మలు తెచ్చిన తారక్.

"మాట్లాడకండి, సూది చూడనివ్వండి," అంది లావణ్య.

అనకాపల్లి బైపాస్ పక్కనున్న ఆ చిన్న ల్యాబులో కాంక్రీటు దిమ్మల్ని మిషన్లో పెట్టి పగలగొట్టడం ఆమె ఉద్యోగం. బిల్డింగుకి స్లాబు వేసిన రోజే, అదే కాంక్రీటుతో మూడు దిమ్మలు పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానబెట్టి తెస్తారు. దిమ్మ గట్టిదైతే స్లాబు గట్టిది. తారక్ సూపర్‌వైజర్‌గా ఉన్న పన్నెండంతస్తుల బిల్డింగుకి మిషన్ మీద సూది ముప్పై దాటాలి.

ఫట్‌మని శబ్దం వచ్చింది. ముప్పై తొమ్మిది.

మిగిలిన రెండూ తడి ఆరకుండా బల్ల మీద ఉన్నాయి. వాటి మీద ఎర్ర పెయింటుతో 'ఏడో స్లాబు' అని, కింద స్లాబు వేసిన తేదీ రాసి ఉంది. లావణ్య క్యాలెండర్ చూసి లెక్కేసుకుంది. సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజు. ఈ నెలంతా ముసురు పట్టి ఊళ్లో కట్టుబడులన్నీ ఆగిపోయినా, తారక్ మాత్రం తేదీ తప్పలేదు. పని అంటే ఇలా చెయ్యాలి అనుకుంది.

రెండోది నలభై. మూడోది ముప్పై తొమ్మిది.

"అంతా మీ సలవే మేడమ్‌గారూ," అన్నాడు తారక్. "ఆ రోజు మీరు రెండో స్లాబు ఫెయిల్ సెయ్యకపోతే మా సారుకి బుద్ధొచ్చేది కాదు."

లావణ్య లోపల పొంగిపోయింది. పోయినేడాది సంగతది. రెండో స్లాబు దిమ్మలు పదిహేడు దగ్గరే వానాకాలం బెల్లంలా పొడిపొడి అయిపోయాయి. బిల్డరు ఫోన్ మీద ఫోన్ చేశాడు. ల్యాబు ఓనరు పక్కన కూర్చుని, "ఒక్క అంకె మారిస్తే పోయేదేముందమ్మా, ఈయన వేరే ల్యాబుకి పోతాడు," అని బతిమాలాడు. ఆమె ససేమిరా అంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక నెల్లాళ్లు సరిగ్గా అన్నం సయించలేదు. ఆ తర్వాత ఓ రోజు తారక్ కొత్త దిమ్మలు పట్టుకొచ్చి, "స్లాబు పగలగొట్టి మళ్లీ ఏసేం మేడమ్‌గారూ," అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆ బిల్డింగు దిమ్మ ఒక్కటీ ఫెయిల్ కాలేదు. అన్నీ ఒకే రంగు, ఒకే నునుపు, ఒకే బలం. తన మొండితనం మీద ఒక బిల్డింగు నిలబడిందంటే ఎవరికి గర్వంగా ఉండదు? అయినా ఆమె దాన్ని ఒక్కసారీ చూడలేదు. సైటుకెళ్తే మొహమాటాలు మొదలవుతాయని, దిమ్మ వరకే తన పని అని గీత గీసుకుంది.

ఫోన్ మోగింది. చెల్లెలి భర్త నూకరాజు. బుచ్చయ్యపేటలో చెరకు పండించే మనిషి. పిల్లల చదువుల కోసం పొలం అమ్మి, ఆ బిల్డింగులోనే ఐదో అంతస్తులో ఫ్లాటు తీసుకుంటున్నాడు. ఎక్కడో పరాయి దేశంలో భూకంపానికి పెద్ద బిల్డింగు కుప్పకూలిన వీడియో చూసిన దగ్గర్నుంచీ అతనికి కంటి మీద కునుకు లేదు.

"వదినా, రిజిస్టరాఫీసుకాడ ఉన్నాం. కాయితాలన్నీ రడీ అయిపోనాయి. నాకే సెయ్యి ఆడట్లేదు. అంతెత్తున పిల్లల్ని పడుకోబెట్టాలంటే గుండె దడదడలాడతంది. నువ్వు సెప్పు, సంతకం ఎట్టీమంటావా?"

లావణ్య నేల మీది ముక్కల వైపు చూసింది. అయినవాళ్లతో మాట్లాడితే ఆమెకి ఊరి మాటే వస్తుంది.

"ఎట్టీ బాబూ. భూమి కదిల్తే ఊగుద్దేమో గానీ కూలదు. ఇప్పుడే నా సేత్తో పగలగొట్టి సూసేను."

"నువ్వన్నావు, అది సాలు వదినా!"

ముక్కల్ని గోనెసంచిలోకి ఎత్తుతున్న తారక్ చేతులు ఆగిపోయాయి.

"ఎవరు మేడమ్‌గారూ?"

"మా మరిది. మీ బిల్డింగే, ఐదో అంతస్తు. ఇద్దరు పిల్లలు."

"రిజిస్ట్రేషను... ఇవాళేనా?"

"ఈపాటికి సంతకం కూడా అయిపోయుంటుంది."

తారక్ సంచి అక్కడే వదిలేశాడు. రిపోర్టు తీసుకుని గబగబా వెళ్లిపోయాడు. హెల్మెట్ బల్ల మీదే మర్చిపోయాడు. పాపం, ఎంత పని ఒత్తిడో అనుకుంది లావణ్య.

సాయంత్రం మళ్లీ ఫోన్. ఈసారి చెల్లెలు దుర్గాలక్ష్మి. "అప్పా, సైటుకాడ కొబ్బరికాయ కొడతన్నాం. నువ్వు రాపోతే ఎలాగే?"

ఇక తనవాళ్ల ఇల్లే కదా, మొహమాటమేముందిలే అనుకుని లావణ్య మొదటిసారి తన గీత దాటింది. స్కూటీ వేసుకుని వెళ్లేసరికి గేటు ముందు కొబ్బరి ముక్కలు పంచుతున్నారు. చెల్లెలి కూతురు పరుగున వచ్చి నడుం చుట్టేసింది. "పెద్దమ్మా, మా ఇల్లు గట్టిదని నువ్వే సెప్పేవంట కదా!"

"నేనే సెప్పేను," అంది లావణ్య, దాని తల నిమురుతూ.

నూకరాజు వేలెత్తి చూపించాడు. మనిషి ముఖంలో చాన్నాళ్లకి నవ్వు కనిపించింది.

"అదిగో వదినా, కిందనించి లెక్కెట్టు. ఒకటో స్లాబు, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆ ఐదో దాని కిందే మన ఇల్లు."

మిగతావి లావణ్య తనే ముచ్చటగా లెక్కపెట్టింది. ఆరు. ఆ పైన తుప్పుపట్టిన ఇనప చువ్వలు, వాటి పైన మబ్బు పట్టిన ఆకాశం.

ఏడో స్లాబు ఇంకా వెయ్యనే లేదు.