ఆరూ నలభై బస్సు

"ఏటి బాబూ ఇది? సూడు, కళ్ళెట్టి సూడు!"

అసిరమ్మ గంపెడు తోటకూరా దేవీప్రసాద్ గుమ్మంలో కుమ్మరించింది. కట్టలన్నీ వాడిపోయి తలలు వాల్చేశాయి. రోజూ ఎనిమిది కొట్టేసరికి పెందుర్తి కాలనీలో కేక వేసే మనిషి, ఇవాళ పదకొండున్నరకి వచ్చింది.

"ఏమైంది అసిరమ్మా?"

"బస్సెల్లిపోనాది. ఏడూ పదికి రావలసిన బస్సు ఆరూ నలబైకే వచ్చి ఎల్లిపోనాది. ఊరు ఊరంతా రోడ్డు మీద నిలబడిపోనాం. తొమ్మిదిన్నర దాకా ఆటో అన్నది లేదు. ఆ పోన్ల బస్సు యవ్వారం నీదే కదా? మరి నాకెందుకు సెప్పలేదు?"

ఫోన్లో బస్సు వ్యవహారం దేవీప్రసాద్‌దే. దాని పేరు 'బస్సెప్పుడు'. చుట్టుపక్కల పల్లెల బస్సులు ఎన్నింటికి ఎక్కడికొస్తాయో చెప్పే యాప్. ఆఫీసు పని ఎలాగూ ఉంది. ఇది మాత్రం మూడేళ్ళుగా సెలవు రోజులన్నీ ధారపోసి ఊరికే చేస్తున్నాడు. ప్రోగ్రామంతా లోకానికి తెరిచి పెట్టాడు. తప్పు కనబడితే ఎవరైనా దిద్ది పంపొచ్చు, ఇతను చూసి 'ఓకే' నొక్కితే అందరి ఫోన్లలోనూ మారిపోతుంది. తిట్టేవాళ్ళు రోజుకి నలుగురు, థాంక్స్ చెప్పేవాళ్ళు ఏడాదికి ఇద్దరు. అయినా మానడు. అదో పిచ్చి.

పద్మనాభం వైపు నుంచి వచ్చే ఆ ప్రైవేటు మినీబస్సు టైము అప్పట్లో అతనికి చెప్పింది అసిరమ్మే. ఫోన్ తెరిచి చూశాడు. ఆరూ నలభై అని ఉంది. కిందకి జరిపాడు. నిన్న సాయంత్రం ఎవరో సుమంత్ అట, ఏడూ పది తీసేసి ఆరూ నలభై అని దిద్ది పంపాడు. అట్టు తింటూ ఎడమచేత్తో 'ఓకే' నొక్కిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

దేవీప్రసాద్ ముఖం వెలిగిపోయింది.

"చూశావా అసిరమ్మా! మా యాప్‌లో ఆరూ నలభై అనే ఉంది. బస్సూ అప్పుడే వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, వాడికేం పట్టింది చెప్పు? పనిగట్టుకుని దిద్దాడు. పదిమంది చేతులు పడితే అలా ఉంటుంది పని!"

"నీ యాపు సల్లగుండ! నా బతుకేటవ్వాల?" అసిరమ్మ మెట్టు మీద కూలబడింది. "ఆరూ నలబైకి రోడ్డెక్కాలంటే ఐదింటికే మడిలోకి దిగాల. అప్పటికింకా సీకటే. ఏది కాడో, ఏది పామో కనబడదు. మా ఆడబిడ్డని కరిసింది అలాగే కదా. నాను ఈ యాపారం మానీయాలి బాబూ. ఆ బస్సుని మునపట్లాగ ఏడూ పదికి సేసీ, నీకు పున్నెముంటాది."

దేవీప్రసాద్‌కి నవ్వొచ్చింది. "నేనెలా చేస్తానమ్మా? బస్సు ఎప్పుడొస్తే అది రాసుకోడం వరకే నా పని. బస్సు నడిపేది వాళ్ళు."

లోపలి నుంచి వాళ్ళమ్మ భ్రమరాంబ అందుకుంది. "సెలవొస్తే సాలు, పొద్దస్తమానం దాని ముందే కూకుంటావు. ఒక్క బస్సుని అరగంట ఆపలేవేటిరా?"

అతనికి సిగ్గేసింది. చొక్కా తొడుక్కుని అసిరమ్మని స్కూటర్ ఎక్కించుకున్నాడు. మధ్యాహ్నం ట్రిప్పు దాకా ఆ మినీబస్సు జంక్షన్ దగ్గరే ఆగి ఉంటుంది.

డ్రైవర్ గవర్రాజు ముఖం మీద తువ్వాలు వేసుకుని వెనక సీట్లో పడుకున్నాడు. అసిరమ్మ తువ్వాలు లాగేసింది.

"ఏటయ్యా, మమ్మల్నొగ్గీసి ఎల్లిపోనావు? రేపైనా ఏడూ పదికి రా. నీకు దండమెడతాను."

"నా సేతుల్లో ఏటుందప్పా? టైము మారిపోనాది."

"ఎవలు మార్సినారు? మీ ఓనరా?"

"ఓనరుకి ఆ తలనొప్పులేవీ అక్కర్లేదు."

దేవీప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయింది. అసిరమ్మ కళ్ళ నీళ్ళు చూశాక మరీను.

"ఎవరైతే ఏంటండీ? మార్చేముందు ఊళ్ళో ఒక్క మాట అడగొద్దా? ఆడవాళ్ళు చీకట్లో మడిలోకి దిగాలా? ఎక్కడో కుర్చీలో కూర్చుని టైములు మార్చేసేవాడికి కాస్తయినా బుద్ధుండాలి కదా!"

"బాగా సెప్పినారు సార్!" గవర్రాజు లేచి కూర్చున్నాడు. "పొద్దున్నించి నానూ అదే తిట్టుకుంటన్నాను. నా అరగంట నిద్ర కూడా పోనాది."

"ఎవరో చెప్పండి. నేను వెళ్ళి అడుగుతాను. ఎంత పెద్దవాడైనా సరే, ఇవాళ వదిలేది లేదు."

గవర్రాజు జేబులోంచి ఫోన్ తీసి, 'బస్సెప్పుడు' తెరిచి దేవీప్రసాద్ చేతిలో పెట్టాడు.

"పాసింజర్లందరూ దీన్నే సూసుకుని వస్తారు, ఇందులో ఎంతుంటే అంతకే బండి తియ్యమని మా ఓనరు ఆర్డరు. నిన్నటి దాకా ఏడూ పదే ఉండీది సార్. ఎవడో ఎదవ రాత్రికి రాత్రి మార్సీసినాడు!"