తేలిక కాని పడవ

పడవ బేటరీలో పావువంతు ఛార్జే మిగిలింది. ఒడ్డు ఇంకా కనబడలేదు. దక్షిణాన మబ్బు నల్లగా లేస్తోంది.

డీజిలు పడవలు పోయి ఏళ్లు గడిచినా, ఛార్జి సగానికి రాగానే వెనక్కి తిరగాలన్న కట్టుబాటు దానయ్యకు ఒంటబట్టలేదు. "ఇంకొక్క వల ఏద్దాంరా, ఎనక్కెళ్లేప్పుడు పడవ తేలికే గదా" అన్నాడు పొద్దున. మామ మాటకు పోలారావు ఎదురాడలేకపోయాడు.

ఇప్పుడు ఆగలేకపోయాడు. "మావా, డీజిలయితే కాలేకొద్దీ బరువు తగ్గేది. బేటరీ ఖాళీ అయినా అదే బరువు. పైగా ఇన్ని సేపలు! మజ్జిలో ఆగిపోతే ఆ గాలికి మనం మిగలం."

దానయ్య మబ్బు వైపు చూశాడు. "పాత లెక్కేసినానురా. ఇది బేటరీ అని మర్సిపోనాను."

లేచి మొదటి బుట్ట తనే ఎత్తాడు. వంజరం చేపలు తళతళలాడుతూ సముద్రంలోకి జారిపోయాయి. బుట్ట వెనక బుట్ట కుమ్మరించేకొద్దీ పడవ నీటి మీదికి లేచి పరుగందుకుంది.

గాలి విరుచుకుపడేలోగా పడవ ఇసుకను తాకింది. మీటరు సున్నా చూపిస్తోంది. దానయ్య భార్య ఎర్రమ్మ పరిగెత్తుకొచ్చి లోపలికి తొంగిచూసింది.

"సేపలేవయ్యా?"

"ఇంటికి రావాల గదే," అన్నాడు దానయ్య. "దార్లో డీజిల్లాగ కాల్సేసినాం."